కృపావతి చెప్పిన సున్నా

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. జనం కృపావతి దగ్గరికే ఎందుకు ఎక్కువగా పోయేవారని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. రొట్టె పల్చన అని కొందరు, అంచు పగలదని కొందరు అంటారు. ఆమెను అడిగితే, “నా కాడ బల్ల ఉండాది, కూర్చుంటారు” అనేది. ఆ బల్ల మీద కూర్చుంటే మనిషి ఒక పక్కకు ఒరిగేవాడు.

ఆమె భర్త జకరయ్య శిల్పాల షెడ్డులో రాతి విగ్రహాలకు నునుపు పట్టేవాడు. ఆయన పోయాక కృపావతి రొట్టెల పొయ్యి పెట్టింది. జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, ముద్ద చేసి, పీట మీద పెట్టి కుడి అరచేత్తో తడుతూ తిప్పుతుంది. అరచెయ్యి రొట్టెను సాగదీస్తే, బొటనవేలు అంచు వెంట తిరుగుతూ పగుళ్లు మూస్తుంది. గోధుమ పిండిలాగా జొన్నపిండికి సాగే గుణం లేదు. దాన్ని కలిపి ఉంచేది చెయ్యే. ఆమె బతుకు ఆ కుడిచేతి మీద ఉండేదని చెప్పడంలో అతిశయం ఏమీ లేదు.

ఆ చెయ్యి కోత పండుగనాడు విరిగింది.

కోత పండుగకు సంఘస్తులు తమ పొలాల్లో పండినవి తెచ్చి చర్చిలో అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. బజారు ధరకంటే ఎక్కువ పాడి కొనడం అక్కడి మర్యాద. కృపావతి ఒక గుమ్మడికాయ పాడుకుని, రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగుతూ జారింది. కాయను వదిలేసి ఉంటే రెండు చేతులూ నేలకు ఆనించుకోగలిగేది. దేవునికి అర్పించిన కాయ. ఆమె దాన్ని ఎడమచేత్తో రొమ్ముకు అదుముకుని కుడిచేతి మీద పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. గుమ్మడికాయకు ఏమీ కాలేదు.

అదే సంఘంలోని ఎలిజబెత్, బడిలో టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఆమెను నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఎలిజబెత్ ఎవరినైనా ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు తన షుగరు కూడా చూపించుకుని వచ్చేది. అందువల్ల ఆమెకు ఆ దారి బాగా అలవాటు.

ఆ పెద్దాసుపత్రి ఎముకల విభాగంలో అర్చన అనే డాక్టరు ఒక పరిశోధన చేస్తున్నది. వయసు మళ్లినవారికి మణికట్టు విరిగితే సిమెంటు కట్టు మేలా, ఆపరేషన్ చేసి లోపల ప్లేటు బిగించడం మేలా అన్నది తేల్చాలి. వచ్చినవారిని రెండు వర్గాలుగా చేసి, ఏడాది పొడుగునా నొప్పి, పట్టు, పని చూస్తారు. మనుషులను ఒప్పించి, వివరాలు రాసుకునే పని జ్యోత్స్న అనే అమ్మాయిది.

“ఏది మంచిదో మీకు తెలీదా పాపా?” అని కృపావతి అడిగింది.

“తెలీదు పెద్దమ్మా. తెలుసుకునేదానికే ఇదంతా.”

“పెద్ద డాక్టరుకు గూడా తెలీదా?”

“ఆమెకు గూడా తెలీదు.”

తెలియదని చెప్పే డాక్టరును కృపావతి అంతవరకూ చూడలేదు. ఆ ఒక్క మాటకే ఆమెకు నమ్మకం కలిగింది.

“మరి నాకు కట్టో, ఆపరేషనో ఎవురు చెప్తారు?”

“కంప్యూటర్ చెప్తాది.”

“దానికి నా చెయ్యి చూపించినారా?”

“లేదు పెద్దమ్మా. చూడకూడదు. చూస్తే పక్షపాతం వస్తాది.”

కృపావతికి ఆ పద్ధతి నచ్చింది. “మా చర్చి కమిటీ ఎన్నికలు గూడా అట్ల పెట్టాల” అంది. ఎలిజబెత్ ఆ కమిటీలో సభ్యురాలు. ఆమె కిటికీవైపు చూసింది.

కంప్యూటర్ ప్లేటు అని చెప్పింది. ఆపరేషన్ జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అర్చన ఒక మాట గట్టిగా చెప్పింది. బొటనవేలు పైకి లేపేటప్పుడు చేతి వెనకవైపు నొప్పి వచ్చినా, లోపల గీసుకుంటున్నట్టు అనిపించినా, మళ్లీ రమ్మన్న గడువు దాకా ఆగకుండా రావాలి. స్క్రూ మొన అవతలివైపుకు పొడుచుకుని వచ్చి బొటనవేలిని పైకి లేపే నరానికి, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడుకు, తగులుతూ ఉండవచ్చు. ముందుగా వస్తే స్క్రూ తీసేస్తే సరిపోతుంది. ఆలస్యమైతే నరం అరిగి తెగుతుంది. ఇదే వాక్యం ఇంటికి ఇచ్చిన కాగితంలో కూడా ఉంది, జ్యోత్స్న దాన్ని చదివి వినిపించింది. కృపావతి రెండూ శ్రద్ధగా విన్నది. ఆమె మాట వినని మనిషి కాదు.

చెయ్యి కూడుకుంది. ఆమె మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ వారమే ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచింది.

సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. ముందు కష్టం, తరువాత ప్రార్థన, చివర బాధ నుంచి విడుదల. చివరిది లేకపోతే అది సాక్ష్యం కాదు, విన్నపం అవుతుంది. విన్నపాలకు బుధవారం కూడిక వేరే ఉంది. కృపావతికి ఇదంతా చిన్నప్పటినుంచి తెలుసు.

“నేను పడినాను. మీరందరూ ప్రార్థన చేసినారు. నంద్యాలలో ప్లేటు ఏసినారు. దేవుని కృప వల్ల నొప్పి చానా వరకు...” అని ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

సంఘం అది ముగింపు అనుకుని స్తోత్రం అన్నది. పాస్టరు సాల్మన్ రాజు మంచివాడు, ఉత్సాహవంతుడు. ఆయన మైకు ఆమెకు దగ్గరగా జరిపాడు.

“చానా వరకా, పూర్తిగానా? సంఘానికి చెప్పమ్మా.”

అంతమంది చూస్తున్నారు. వాళ్లలో ఆమె కోసం ఉపవాసం ఉన్నవాళ్లు ఉన్నారు.

“పూర్తిగా” అంది కృపావతి.

“ఇప్పుడు నొప్పి ఎంత ఉందమ్మా?”

“లేదు.”

చర్చి పైన లౌడ్‌స్పీకరు ఉంది. ఆ మాట మా వీధి చివరిదాకా వినబడింది.

నిజానికి అప్పుడు నొప్పి కొద్దిగా ఉండేది. కొద్దిగా ఉన్నదాన్ని లేదనడం పెద్ద అబద్ధమేమీ కాదు, నాలుగు రోజుల్లో అదీ పోతుందని ఆమె అనుకుంది. ఆ నొప్పి పోలేదు. చేతి వెనకవైపు చేరింది. బొటనవేలు లేపినప్పుడు లోపల ఇసుక కదిలినట్టు గీసుకునేది.

కాగితంలో ఉన్న వాక్యం ఆమెకు గుర్తు లేక కాదు. వెంటనే నంద్యాల పోతే, చెయ్యి చూపించి నొస్తున్నదని చెప్పాలి. చెబితే ఎలిజబెత్‌కు తెలుస్తుంది, ఎలిజబెత్‌కు తెలిస్తే సంఘానికి తెలుస్తుంది. దేవుడు పూర్తిగా బాగు చేశాడని మైకులో చెప్పిన చెయ్యి అది.

పరిశోధనలో తరువాతి గడువు వచ్చినప్పుడు ఎలిజబెత్ యథాప్రకారం తోడు వచ్చింది. జ్యోత్స్న గీత గీసి ఉన్న ఒక అట్ట చూపించింది. దాని మీద సున్నా నుంచి పది దాకా అంకెలు ఉన్నాయి.

“సున్నా అంటే నొప్పే లేదు పెద్దమ్మా. పది అంటే ఓర్చుకోలేనంత. మీది ఎంత?”

పక్క కుర్చీలో ఎలిజబెత్ ఒళ్లో సంచి పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని కూర్చుంది.

“సున్నా” అంది కృపావతి అట్టవైపు చూడకుండా.

“స్తోత్రం” అంది ఎలిజబెత్.

జ్యోత్స్న సున్నా రాసుకుని మిగతా ప్రశ్నలు అడిగింది. అవి ఏ దేశంలోనో తయారైన ప్రశ్నలు.

“సుత్తితో కొట్టగలుగుతాండారా?”

“ఎవురిని?”

“ఊరికే, మేకును. పోనీ, చేతికి దెబ్బ తగిలే ఆటలు ఏమన్నా ఆడతాండారా?”

“చెయ్యి బాగున్నప్పుడు గూడా ఆడల్యా పాపా.”

తరువాత చేతిపట్టు చూసే యంత్రం ఇచ్చారు. నొప్పి లేదన్న చెయ్యి గట్టిగా పట్టాలి కదా అని కృపావతి కళ్లు మూసుకుని, పళ్లు బిగించి నొక్కింది. ముల్లు బాగా పైకి పోయింది. అటుగా వచ్చిన డాక్టరు అర్చన అది చూసి సంతోషించింది. ప్లేటు వర్గంలో అందరికంటే మంచి ఫలితం ఈమెదేనని అన్నది. కృపావతికి చెమట పట్టింది. అది ఫ్యాను కింద కూర్చోకపోవడం వల్లనని ఎలిజబెత్ ఆమెను జరిపి కూర్చోబెట్టింది.

ఆళ్లగడ్డలో ఈ సంగతి కనిపెట్టిన మనిషి మాబూబీ ఒక్కతే. కృపావతి పొయ్యి పక్కనే ఆమె మిరపకాయ బజ్జీల బండి.

“అక్కా, పెనం ఎడమచేత్తో దించుతాండావ్, ఏందీ?”

“అలవాటు చేసుకుంటాండా.”

“ఈ వయసులోనా?”

“నేర్చుకునేదానికి వయసేంది.”

“చాగలమర్రి బస్సు డ్రైవరు నీ రొట్టె ఒక పక్క మందంగా ఉండాదంటాండె.”

“పల్చగుండే పక్క తినమను.”

మాబూబీ నూనెలోనుంచి బజ్జీలు తీసి, జాలిగరిటె పక్కన పెట్టింది. “నొస్తాందా?”

“మైకులో విన్నావు గదా.”

“మైకులో విన్నా. ఇప్పుడు నిన్ను అడుగుతాండా.”

“నీకు చెప్తే మీ దాదా ఖలందర్‌కు చెప్తావ్. ఆయప్ప టీకొట్టు కాడ చెప్తాడు. అది మైకు కన్నా పెద్దది.”

దాదా ఖలందర్ మాబూబీ భర్త. ఆ మాట నిజమే కాబట్టి ఆమె కాదనలేదు. పెనం మీద రొట్టె తిరగేస్తూ కృపావతే అంది.

“దేవుడు బాగు చేసినాడని చెప్తి. ఇప్పుడు నొస్తాందంటే ఎవురి మాట పోతాది, నాదా, ఆయనదా?”

“చెప్పకపోతే చెయ్యి పోతాది అక్కా.”

“ఎముక అతుక్కున్యాది. ఇంకేం పోతాది.”

అయినా ఒకరోజు ఆమె సాల్మన్ రాజు ఇంటికి పోయింది. వాకిట్లోనే నిలబడి అడిగింది.

“అయ్యగారూ, సాక్ష్యం చెప్పినాక మళ్లీ నొప్పి వస్తే ఏం చేయాల?”

“ఎవరికి వచ్చిందమ్మా?”

“ఎవురికో.”

“డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పమ్మా. డాక్టర్లను ఇచ్చింది కూడా దేవుడే. ఒంటరిగా పోవడానికి భయపడితే నేను తోడు పోతాను. ఎవరో చెప్పు.”

తలుపు బార్లా తెరిచే ఉంది. కృపావతి లోపలికి పోలేదు. “అడిగి చెప్తా అయ్యగారూ” అని వచ్చేసింది. మనిషికి మేలు చేయగలవాళ్లు ఎదుట ఉన్నప్పుడే నోరు మూసుకుపోవడం నేను చాలామందిలో చూశాను. దానికి కారణం భయం అనుకునేవాణ్ణి. ఇప్పుడు మర్యాద అనిపిస్తుంది. ఎదుటివారి సంతోషాన్ని చెడగొట్టడం మనవాళ్లకు చేతకాదు.

ఒక సాయంత్రం ఆమె పిండి కలుపుతుండగా చేతిలో ఏదో సన్నగా టప్పుమంది. కుట్టుదారం తెగినంత చప్పుడు. దానితో నొప్పి పోయింది.

తగ్గడం కాదు, అసలు లేదు. కృపావతి పిండి చేతితోనే బల్ల మీద కూర్చుంది.

“మాబూ, నొప్పి పోయింది.”

“ఏం పూసినావ్?”

“ఏమీ పూయల్యా. దానంతట అదే పోయింది.”

ఆ కాసేపు ఆమె నిజంగా సంతోషించింది. తాను చెప్పింది అబద్ధం కాదు, దేవుడు కొంచెం ఆలస్యంగా నెరవేర్చాడు, అంతే. మనసులో క్షమాపణ, కృతజ్ఞత రెండూ చెప్పుకుని లేచి రొట్టె తట్టింది. రొట్టె అంచున గుంట పడింది. మరొకటి తట్టింది. దానికీ అక్కడే గుంట పడింది. మూడో రొట్టెకు మాబూబీ వంగి చూసింది. కృపావతి బొటనవేలు లోపలికి వంగి, పిండిలో దిగబడుతోంది.

“వేలు పైకి లేపు అక్కా.”

“లేపుతానే ఉండా.”

వేలు కదలలేదు. ఎడమచేత్తో ఎత్తి పెడితే నిలబడలేదు, పడిపోయింది. కాగితంలో రాసి ఉన్నది జరిగిందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ మాట పోతుందని భయపడింది. ఇప్పుడు పొయ్యి ఆర్పాలేమోనని భయపడింది. ఆ రెండో భయం ముందు మొదటిది చిన్నదిగా కనిపించింది కానీ, పోలేదు.

మరునాడు నంద్యాల బస్సులో ఎలిజబెత్ పక్కన కూర్చుంది. వేలు లేవడం లేదని మాత్రం చెప్పింది. శిరివెళ్ల దాటేదాకా ఎలిజబెత్ ఆ వేలు కోసం మెల్లగా ప్రార్థన చేస్తూనే ఉంది. అది వింటుంటే కృపావతికి ఇంకేమీ చెప్పబుద్ధి కాలేదు.

జ్యోత్స్న అలవాటు ప్రకారం ముందు అట్ట చూపించింది.

“సున్నా” అంది కృపావతి. ఈసారి అట్టను చూసే చెప్పింది.

తరువాత చెయ్యి బల్ల మీద పరిచి బొటనవేలు పైకి లేపమన్నారు. అది లేవకపోవడం చూసి జ్యోత్స్న పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. అర్చన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, మణికట్టు మీద నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించింది. ఒక స్క్రూ మొన అవతలికి కొంచెం బయటపడి ఉంది.

“నరం తెగిపోయింది. అంతకుముందు నొప్పి రాలేదా అమ్మా?”

కృపావతి చీర కొంగుతో వేలు కప్పుకుంది. డాక్టరు కంప్యూటరులో పాత అంకెలు చూసింది. అన్నీ సున్నాలే.

“చూడు జ్యోత్స్నా, నొప్పి లేకుండానే తెగింది. నొప్పి వస్తే రండని మనం రాసి ఇస్తున్నాం. ఆ నొప్పి ముందుగా రానే రాదన్నమాట. ఆ వాక్యం వల్ల ప్రయోజనం లేదు, తీసేసి వేరే ఏదైనా చూడాలి.”

“ఏ వాక్యం మేడం?” అని కృపావతి అడిగింది.

“బొటనవేలు లేపితే నొప్పి వస్తే వెంటనే రావాలని ఉంది కదమ్మా, అది.”

“అది తీసేస్తే, నొప్పొచ్చినోళ్లు రారు గదా?”

“నొప్పి రాదని నీ చెయ్యే చెబుతోంది కదా.”

బయట బెంచీ మీద అలాంటి ప్లేటే వేయించుకున్న నందికొట్కూరు పెద్దాయన తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. తలుపు సందులోనుంచి ఆయన చెయ్యి కనబడుతోంది. కృపావతి ఆ చేతినే చూసింది. తరువాత ఎలిజబెత్‌వైపు తిరిగింది.

“ఎలిజబెత్తక్కా, నువ్వు పోయి నీ షుగరు కాగితం తెచ్చుకో.”

“తెచ్చుకుంటినే” అని ఎలిజబెత్ సంచిలోనుంచి కాగితం తీసి చూపించింది.

ఇక ఎలిజబెత్ ఎదుటే చెప్పవలసి వచ్చింది.

“నొప్పి ఉండె మేడం.”

“ఎప్పుడు?”

“పోయినసారి వచ్చినప్పుడు గూడా. వేలు లేపితే లోపల గీసుకునేది, మీరు చెప్పినట్టే. రాసినట్టే.”

“ఎంత ఉండేది?”

“ఏడు. పిండి కలిపేటప్పుడు ఎనిమిది.”

“సున్నా అంటివే పెద్దమ్మా” అంది జ్యోత్స్న.

“చర్చిలో లేదని చెప్పుంటి.”

డాక్టరు అర్చనకు ఏమీ అర్థం కాలేదు. జ్యోత్స్న ఆమెవైపు వంగింది. “సాక్ష్యం చెప్పినారంట మేడం.”

“ఏ కోర్టులో?”

వివరించడానికి జ్యోత్స్నకు కొంత సమయం పట్టింది. డాక్టరు విని, కృపావతిని కోప్పడలేదు. ఆ వాక్యం అలాగే ఉంచమని, అచ్చు పెద్దది చేయమని మాత్రం జ్యోత్స్నకు చెప్పింది. పాత సున్నాలను కొట్టివేయడానికి నియమాలు ఒప్పుకోవని, రోగి తరువాత ఇలా చెప్పిందని పక్కన రాస్తామని కూడా అన్నది.

ఎలిజబెత్ షుగరు కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

“ఇన్ని దినాలు నొప్పితోనే రొట్టెలు చేస్తివా?”

“చేస్తి.”

“నేను పక్కనే ఉంటినే, కృపావతీ.”

“అందుకే గదక్కా చెప్పల్యా.”

తిరుగు ప్రయాణంలో ఎలిజబెత్ ప్రార్థన చేయలేదు. కృపావతి కుడిచేతిని తన ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ దాకా పట్టుకునే ఉంది.

తెగిన నరాన్ని మళ్లీ ముడివేయడానికి వీలుకాదన్నారు. చూపుడువేలికి పైకి లేపే నరాలు రెండు ఉంటాయట. అందులో ఒకటి తీసి బొటనవేలికి కలిపారు, స్క్రూలు తీసేశారు. కొంతకాలం కృపావతికి వింత ఇబ్బంది ఏర్పడింది. బొటనవేలు లేపాలంటే, ఎదురుగా ఎవరినో చూపుడువేలితో చూపిస్తున్నట్టు అనుకోవాలి. రొట్టె తడుతూ ఆమె ఒక్కొక్కరిని తలచుకుని చూపించేది. మొదట్లో ఎక్కువగా సాల్మన్ రాజును చూపించానని మాబూబీతో చెప్పింది. తరువాత మెదడు నేర్చుకుంది, మనుషుల అవసరం లేకపోయింది.

కుట్లు ఆరాక ఒక ఆదివారం ఆమె తనంతట తానే లేచింది. పాస్టరు మైకు ఇచ్చాడు కానీ ఈసారి ప్రశ్నలు అడగలేదు.

“పోయినసారి పూర్తిగా అంటి. అట్ల అనకుండా ఉండాల్సింది. చానా వరకు అనుంటే సరిపోతాండె” అని కూర్చుంది.

 సంఘం నుంచి స్తోత్రం వచ్చింది, కొంచెం ఆలస్యంగా, ఒక్కొక్కరిగా. ఆ తరువాత మా వీధి లౌడ్‌స్పీకరులో “చానా వరకు” అనే మాట అప్పుడప్పుడూ వినబడుతోంది. అయ్యగారు దాన్ని ప్రోత్సహించడం లేదు, ఆపడమూ లేదు.

రొట్టె మునుపటంత పల్చగా రావడం లేదు. అంచు మాత్రం పగలడం లేదు. డ్రైవర్లు తింటున్నారు.

ఏడాది నిండి, పరిశోధనలో ఆమె చివరిసారి పోయినరోజున జ్యోత్స్న అదే అట్ట ముందు పెట్టింది. కృపావతి వెంటనే చెప్పలేదు. చెయ్యి బల్ల మీద పరిచి బొటనవేలు లేపింది, దించింది, పిడికిలి పట్టి చూసుకుంది. పక్కన ఎలిజబెత్ ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

“రెండున్నర” అంది కృపావతి.

“సగాలు లేవు పెద్దమ్మా. రెండన్నా చెప్పాల, మూడన్నా చెప్పాల.”

కృపావతి మళ్లీ ఒకసారి వేలు లేపి చూసుకుంది.

“మూడు రాయి పాపా.”